ఒకే సీసాలోని స్ఫటికాలు, నాలుగు దిగుబడులు: పొటాషియం ట్రిస్ఆక్జలేటోఫెర్రేట్ తయారీపై ఒక కేస్ స్టడీ

పీజీ మొదటి సంవత్సరం అకర్బన రసాయనశాస్త్ర ప్రాక్టికల్స్‌లో లోహ సంశ్లిష్టాల, అంటే లోహ పరమాణువు చుట్టూ లైగండ్లనే అణువులో అయాన్లో బంధం ఏర్పరచుకున్న పదార్థాల, తయారీ తప్పనిసరిగా ఉంటుంది. వాటిలో మా ప్రయోగశాలలో తరచుగా చేయించేది పొటాషియం ట్రిస్ఆక్జలేటోఫెర్రేట్ ట్రైహైడ్రేట్. ఐరన్ మూడో ఆక్సీకరణ స్థితిలో ఉండి, మూడు ఆక్జలేట్ లైగండ్లతో బంధం ఏర్పరచుకున్న ఈ ఆకుపచ్చని లవణాన్ని తయారు చేయడానికి ఖరీదైన రసాయనాలు గానీ ప్రత్యేకమైన పరికరాలు గానీ అక్కర్లేదు. నలుగురు విద్యార్థుల జట్టు ఒక బ్యాచ్ తయారు చేస్తుంది, రికార్డు మాత్రం ఎవరిది వారే రాసుకుంటారు. ఇక్కడ వివరించే కేసులో ఆ నలుగురూ ఒకే వాచ్ గ్లాసులోని స్ఫటికాలను ఒకే తక్కెడలో తూచి, బరువు 4.82 గ్రాములని నలుగురూ ఒకేలా నమోదు చేశారు. దిగుబడి శాతం దగ్గరకు వచ్చేసరికి ఒకరు 115.3 అని, మరొకరు 86.5 అని, ఇంకొకరు 77.0 అని, నాలుగో వారు 60.9 అని రాశారు.

కూడికలోనూ గుణకారంలోనూ ఎవరూ తప్పు చేయలేదు. శాతం కట్టేటప్పుడు కింద పెట్టిన అంకె, అంటే సైద్ధాంతిక దిగుబడి (వేసిన పదార్థాల నుంచి లెక్క ప్రకారం గరిష్ఠంగా రావలసిన బరువు), నలుగురిలో ఒక్కొక్కరికి ఒక్కోలా వచ్చింది. ఈ అంకె ఎక్కడ నుంచి పుడుతుందో, ఏ మెట్టు దగ్గర దారి తప్పుతుందో వివరంగా చూడటానికి ఈ కేసు బాగా పనికొస్తుంది కాబట్టి, నాలుగు రికార్డులనూ పక్కపక్కన పెట్టి, ప్రయోగశాలలో మళ్లీ పరీక్షించిన విలువలతో సహా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

తయారీ విధానం చాలామందికి తెలిసిందే. అయినా లెక్క మొత్తం పరిమాణాల మీదే నడుస్తుంది కనుక వాటిని చెప్పక తప్పదు. 5.00 గ్రాముల మోర్ లవణాన్ని, అంటే ఫెర్రస్ (రెండో ఆక్సీకరణ స్థితిలోని ఐరన్) అమ్మోనియం సల్ఫేట్ హెక్సాహైడ్రేట్‌ను, కొన్ని చుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన 20 మి.లీ. గోరువెచ్చని నీటిలో కరిగించి, అందులో 25 మి.లీ. 1 మోలార్ ఆక్జాలిక్ ఆమ్ల ద్రావణం పోసి, ఎగదన్నకుండా గాజు కడ్డీతో కలుపుతూ మరిగించారు. పసుపుపచ్చని ఫెర్రస్ ఆక్జలేట్ డైహైడ్రేట్ అవక్షేపం అడుగుకు దిగాక, పైనున్న ద్రావణాన్ని వంపి, అవక్షేపాన్ని వేడి నీటితో కడిగారు. 3.5 గ్రాముల పొటాషియం ఆక్జలేట్‌ను 10 మి.లీ. వేడి నీటిలో కరిగించి ఆ అవక్షేపానికి కలిపి, ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకుంటూ, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 20 మి.లీ. చుక్కలు చుక్కలుగా పోశారు. గోధుమరంగు మడ్డి ఏర్పడింది. మిగిలిన పెరాక్సైడ్ పోయేదాకా కాసేపు మరిగించి, 8 మి.లీ. 1 మోలార్ ఆక్జాలిక్ ఆమ్లంలో 5 మి.లీ. ఒకేసారి, మిగతాది చుక్కలుగా కలిపేసరికి మడ్డి కరిగిపోయి ద్రావణం తేటగా, చిక్కని ఆకుపచ్చ రంగులోకి వచ్చింది. దానికి 10 మి.లీ. ఇథైల్ ఆల్కహాల్ కలిపి, చీకటి అల్మరాలో గది ఉష్ణోగ్రత వద్ద ఉంచి, మరుసటి రోజు వడపోసి, ఆల్కహాల్, నీరు సమపాళ్లలో కలిపిన మిశ్రమంతోనూ చివర అసిటోన్‌తోనూ కడిగి, వడపోత కాగితాల మధ్య అద్ది తూచారు.

115.3 శాతం రాసిన రికార్డుతో మొదలుపెడతాను, ఎందుకంటే నలుగురిలో అనుమానం వచ్చింది ఆ అమ్మాయికి ఒక్కదానికే.

“సార్, వంద దాటితే మార్కులు వేస్తారా, మళ్లీ చేయమంటారా?” అని అడిగింది.

“మళ్లీ చేయడం తరవాత సంగతి. ముందు ఆ గోధుమరంగు మడ్డి ఎక్కడికి పోయిందో చెప్పమ్మా,” అన్నాను.

తప్పు సరిగ్గా ఆ మడ్డి దగ్గరే ఉంది. ఆమె రికార్డులో ఆక్సీకరణ చర్యకు ఒకే సమీకరణం ఉంది: 6 మోల్‌ల ఫెర్రస్ ఆక్జలేట్, 3 మోల్‌ల హైడ్రోజన్ పెరాక్సైడ్, 6 మోల్‌ల పొటాషియం ఆక్జలేట్ కలిసి 4 మోల్‌ల సంశ్లిష్టాన్నీ, 2 మోల్‌ల ఫెర్రిక్ (మూడో స్థితిలోని ఐరన్) హైడ్రాక్సైడ్‌నూ, అంటే ఆ మడ్డినీ, ఇస్తాయి. సమీకరణంలో తప్పేమీ లేదు, అది తుల్యంగానే ఉంది. దాని ప్రకారం 6 మోల్‌ల ఐరన్‌కు 4 మోల్‌ల సంశ్లిష్టం వస్తుంది కాబట్టి ఆమె 5.00 గ్రాముల మోర్ లవణంలోని 12.75 మిల్లీమోల్‌ల ఐరన్‌ను మూడింట రెండు వంతులు చేసి, 8.50 మిల్లీమోల్‌లకు 4.18 గ్రాములని సైద్ధాంతిక దిగుబడిని తేల్చింది. కానీ ప్రయోగం ఆ సమీకరణంతో ఆగిపోలేదు. తరవాత పోసిన ఆక్జాలిక్ ఆమ్లం ఆ ఫెర్రిక్ హైడ్రాక్సైడ్‌ను కూడా సంశ్లిష్టంగా మారుస్తుంది: 2 మోల్‌ల ఫెర్రిక్ హైడ్రాక్సైడ్, 3 మోల్‌ల ఆక్జాలిక్ ఆమ్లం, 3 మోల్‌ల పొటాషియం ఆక్జలేట్ కలిసి 2 మోల్‌ల సంశ్లిష్టాన్నీ 6 మోల్‌ల నీటినీ ఇస్తాయి. రెండు సమీకరణాలనూ కూడితే హైడ్రాక్సైడ్ రెండు వైపులా కొట్టుకుపోతుంది. మొత్తం మీద 2 మోల్‌ల ఫెర్రస్ ఆక్జలేట్, 1 మోల్ పెరాక్సైడ్, 3 మోల్‌ల పొటాషియం ఆక్జలేట్, 1 మోల్ ఆక్జాలిక్ ఆమ్లం కలిసి 2 మోల్‌ల సంశ్లిష్టాన్ని ఇస్తాయి. అంటే పాత్రలో ఉన్న ప్రతి ఐరన్ పరమాణువూ సంశ్లిష్టంలో చేరే వీలుంది, మూడో వంతు బయట మిగిలిపోనక్కర్లేదు.

లోహ సంశ్లిష్టాల తయారీలో సైద్ధాంతిక దిగుబడిని నేను ఎప్పుడూ లోహపు పద్దుగానే చూడమంటాను. మొదటి తూకంలో ఎన్ని మోల్‌ల లోహం లోపలికి వచ్చిందో అది జమ, చివరి స్ఫటికాల్లో ఎంత బయటకు వచ్చిందో అది ఖర్చు. మధ్యలో ఎన్ని సమీకరణాలు రాసినా, లోహం ఒక రూపం నుంచి మరో రూపానికి మారడమే తప్ప మాయం కాదు. మిగతా పదార్థాలన్నింటినీ చూడవలసింది ఒకే ప్రశ్నతో: ఆ లోహం మొత్తం సంశ్లిష్టంగా మారడానికి ఇవి సరిపడా ఉన్నాయా, లేవా? విద్యార్థి ఈ ప్రశ్న వేసుకోకుండా చేతికి దొరికిన సమీకరణంలోని గుణకాలను పట్టుకుంటే, అది దారి మధ్యలోని సమీకరణమైనప్పుడు లెక్క కూడా దారి మధ్యలోనే ఆగిపోతుంది.

నాలుగో రికార్డులో, అంటే 60.9 శాతం రాసినదానిలో, తప్పు దీనికి ఎదురుదిశలో నడిచింది. ఆ విద్యార్థి శ్రద్ధగా మధ్యలో వచ్చిన ఫెర్రస్ ఆక్జలేట్‌ను కూడా తూచాడు. కడిగి, నీరు వంపేసి, బీకరుతో సహా తూచి, ఖాళీ బీకరు బరువు తీసేస్తే 2.90 గ్రాములు వచ్చింది. దాన్ని డైహైడ్రేట్ అణుభారం 179.89తో భాగించి 16.12 మిల్లీమోల్‌లుగా తీసుకుని, అక్కడ నుంచి 7.92 గ్రాముల సంశ్లిష్టం రావాలని తేల్చాడు. కానీ 5.00 గ్రాముల మోర్ లవణంలో ఉన్న ఐరన్ 12.75 మిల్లీమోల్‌లే. అదంతా అవక్షేపంగా దిగినా బరువు 2.29 గ్రాములు దాటకూడదు. మిగిలిన 0.61 గ్రాములూ అవక్షేపాన్ని అంటిపెట్టుకున్న నీరే. తూకం వేయడం మంచి అలవాటే. కాకపోతే తడి అవక్షేపం బరువు నుంచి మోల్‌లు కడితే నీళ్లు కూడా ఐరన్‌గా లెక్కలోకి వస్తాయి. మధ్య పదార్థాన్ని ఆరబెట్టి తూచితే మొదటి మెట్టు దిగుబడి విడిగా చెప్పవచ్చు గానీ, ఈ తయారీలో దాన్ని ఆరబెట్టకుండానే తరవాతి మెట్టుకు వెళ్తాం కనుక జమ మొదటి తూకం నుంచే రావాలి.

86.5 శాతం రాసిన రికార్డులో దారి సరిగానే ఉంది. ఐరన్ 12.75 మిల్లీమోల్‌లు, సంశ్లిష్టం కూడా 12.75 మిల్లీమోల్‌లు అనే వరకూ ఏ లోపమూ లేదు. చివర గుణించిన అణుభారం మాత్రం 437.19, అంటే స్ఫటిక జలం లేని లవణానిది. మన చేతికి వచ్చే ఆకుపచ్చని స్ఫటికాల్లో ప్రతి సంశ్లిష్ట యూనిట్‌కూ మూడు నీటి అణువులు ఉంటాయి, వాటితో కలిపి అణుభారం 491.24. స్ఫటికాల బరువులో సరిగ్గా 11.0 శాతం ఆ నీరే. తూచింది నీటితో ఉన్న స్ఫటికాలను, లెక్క కట్టింది నీరు లేని లవణానికి. ఈ పొరపాటు ఎప్పుడూ దిగుబడిని ఒకే నిష్పత్తిలో, 1.124 రెట్లు, పెంచి చూపిస్తుంది. 86.5 అన్నది వినడానికి ఎంతో నమ్మదగిన అంకె. ఏ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరూ దాన్ని చూసి ప్రశ్నించరు. ఈ కారణంగానే వంద దాటిన 115 కంటే ఈ 86.5 నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది. వంద దాటిన అంకె తనంతట తానే తప్పని చెప్పుకుంటుంది, తొంభైలోపు అంకె నోరు మెదపదు.

ఇక మిగిలింది 77.0 శాతం. 12.75 మిల్లీమోల్‌లను 491.24తో గుణిస్తే 6.26 గ్రాములు వస్తుంది, 4.82ను దానితో భాగిస్తే 77.0. నలుగురిలో సరైన పద్ధతిలో నడిచిన రికార్డు ఇదొక్కటే, ఆ విద్యార్థినికి ఆ మాట చెప్పాను కూడా. అయితే ఈ అంకె వెనుక ఎవరూ పరీక్షించని మూడు ఊహలున్నాయి: మోర్ లవణం సీసాలో ఉన్నదంతా స్వచ్ఛమైన మోర్ లవణమే, పరిమిత కారకం (ముందుగా అయిపోయి ఉత్పత్తికి హద్దు పెట్టే పదార్థం) ఐరనే, తూచిన 4.82 గ్రాములూ పొడి సంశ్లిష్టమే. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా పరీక్షించాక గానీ ఆ అంకెను నమ్మకూడదని, జట్టు మొత్తాన్నీ మళ్లీ కూర్చోబెట్టి పని మొదలుపెట్టించాను.

ముందుగా పరిమిత కారకం సంగతి. ఐరన్ ఒక మోల్‌కు పొటాషియం ఆక్జలేట్ ఒకటిన్నర మోల్‌లు, ఆక్జాలిక్ ఆమ్లం అర మోల్, పెరాక్సైడ్ అర మోల్ కావాలి. చివరి మెట్టులో పోసిన ఆక్జాలిక్ ఆమ్లం 8 మిల్లీమోల్‌లు. ఐరన్ 12.75 ఉంటే ఇది 8 మాత్రమే కదా, పరిమిత కారకం ఇదే అని తొందరపడేవారు ప్రతి జట్టులోనూ ఉంటారు. కానీ దాని అవసరం ఐరన్‌లో సగమే కనుక 8 మిల్లీమోల్‌లు 16 మిల్లీమోల్‌ల ఐరన్‌కు సరిపోతాయి. కారకాల మోల్‌లను నేరుగా పోల్చి చూడటం పనికిరాదు. ఒక్కొక్కదాన్నీ దాని గుణకంతో భాగించి, ఎంత సంశ్లిష్టాన్ని ఇవ్వగలదో ఆ అంకెల్ని పోల్చాలి. పెరాక్సైడ్ 20 మి.లీ.లో సుమారు 17.6 మిల్లీమోల్‌లు ఉంటుంది, అవసరం 6.4 మాత్రమే. ఐరన్ సమక్షంలో పెరాక్సైడ్ కొంత విచ్ఛిన్నమైపోతుంది, సీసా పాతదైతే గాఢత కూడా తగ్గి ఉంటుంది. ఆ రెండింటినీ తట్టుకునేంత మిగులు ఇక్కడ ఉంది.

పొటాషియం ఆక్జలేట్ దగ్గర మాత్రం అసలు విషయం బయటపడింది. మా ప్రయోగ పత్రంలో “పొటాషియం ఆక్జలేట్ 3.5 గ్రాములు” అని మాత్రమే ఉంది, స్ఫటిక జలం ఉన్నదా లేనిదా అన్నది లేదు. అది స్ఫటిక జలం లేనిదైతే అణుభారం 166.22, 3.5 గ్రాములంటే 21.06 మిల్లీమోల్‌లు, అది 14.04 మిల్లీమోల్‌ల సంశ్లిష్టానికి సరిపోతుంది, పరిమిత కారకం ఐరనే అవుతుంది. సీసా తెచ్చి లేబుల్ చదివిస్తే మోనోహైడ్రేట్ అని ఉంది. దాని అణుభారం 184.23, కాబట్టి 3.5 గ్రాములంటే 19.00 మిల్లీమోల్‌లే, దానితో వచ్చే సంశ్లిష్టం 12.67 మిల్లీమోల్‌లు. అంటే లేబుల్ విలువల ప్రకారం చూస్తే ఐరన్ 12.75 ఉంది, పొటాషియం 12.67కే సరిపోతుంది. తేడా చిన్నదే అయినా పరిమిత కారకం ఐరన్ నుంచి పొటాషియంకు మారిపోయింది, సైద్ధాంతిక దిగుబడి 6.26 నుంచి 6.22 గ్రాములకు దిగింది. ఒక్క నీటి అణువును పట్టించుకోకపోవడం వల్ల పరిమిత కారకమే మారిపోవడం నలుగురూ ఊహించనిది.

ఇక్కడ ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఆక్జలేట్ కొరతను చివర పోసే ఆక్జాలిక్ ఆమ్లం మిగులు తీర్చగలదేమో గానీ పొటాషియం కొరతను తీర్చలేదు. ఫెర్రస్ ఆక్జలేట్‌ను సరిగా కడగకపోతే మోర్ లవణం నుంచి మిగిలిపోయిన అమ్మోనియం అయాన్లు స్ఫటికాల్లో పొటాషియం స్థానంలోకి దూరే అవకాశం ఉంది. అమ్మోనియం ట్రిస్ఆక్జలేటోఫెర్రేట్ కూడా ఆకుపచ్చగానే ఉంటుంది, కంటితో తేడా తెలియదు. అందువల్ల మా పత్రంలో ఇప్పుడు “పొటాషియం ఆక్జలేట్ మోనోహైడ్రేట్ 4.0 గ్రాములు” అని స్పష్టంగా మార్చాము. 21.7 మిల్లీమోల్‌లు ఉంటే పొటాషియం అనుమానానికి తావు లేకుండా మిగులుగా ఉంటుంది, పరిమిత కారకం ఐరనే అని ధైర్యంగా చెప్పవచ్చు.

తరవాత మోర్ లవణం స్వచ్ఛత. సీసా తెరిచి చాలాకాలమైంది, పైన అక్కడక్కడా పసుపు ఛాయ కనిపిస్తోంది. 1.000 గ్రాము లవణాన్ని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి 0.02 మోలార్ పొటాషియం పర్మాంగనేట్‌తో అంశమాపనం (చర్య పూర్తవడానికి ఎంత ద్రావణం పట్టిందో కొలవడం) చేస్తే, స్వచ్ఛమైన లవణానికి 25.50 మి.లీ. పట్టాలి. నలుగురికీ దాదాపు ఏకరీతిగా 25.1 మి.లీ. పట్టింది. అంటే ఫెర్రస్ స్థితిలో ఉన్న ఐరన్ 98.4 శాతమే. ఫెర్రిక్‌గా మారిపోయిన కొద్ది భాగం ఫెర్రస్ ఆక్జలేట్‌గా అవక్షేపం చెందదు, ఆక్జలేట్‌తో కరిగే సంశ్లిష్టంగా మారి, వంపేసిన నీళ్లతోనే పోతుంది. కాబట్టి ఈ తయారీలో లెక్కకు వచ్చేది పర్మాంగనేట్ చూపించిన ఫెర్రస్ ఐరన్ మాత్రమే, అది 12.55 మిల్లీమోల్‌లు. పొటాషియం 12.67కు సరిపోతుందని పైన చూశాం. ఆ విధంగా పరిమిత కారకం మళ్లీ ఐరన్ దగ్గరకే వచ్చింది, ఈ బ్యాచ్‌కు సరైన సైద్ధాంతిక దిగుబడి 6.17 గ్రాములు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ప్రాంతాల ఔషధ పరిశ్రమల్లో పనికి చేరే మా విద్యార్థులు బ్యాచ్ లెక్కల్లో ముడి పదార్థం స్వచ్ఛతను కలుపుకోవడం నేర్చుకోక తప్పదు, అది కాలేజీ బల్ల దగ్గరే అలవాటు కావడం మేలు.

మూడో ఊహ, తూచినదంతా పొడి సంశ్లిష్టమేనా అన్నది. 1.000 గ్రాము స్ఫటికాలను విడిగా తీసి, చీకట్లో గాలికి ఆరనిచ్చి, బరువు నిలకడగా వచ్చేదాకా తూచితే 0.021 గ్రాములు తగ్గింది. ఓవెన్‌లో పెట్టడానికి నేను ఒప్పుకోలేదు. ఈ లవణం 100 డిగ్రీల ప్రాంతంలో స్ఫటిక జలాన్నే కోల్పోతుంది, అప్పుడు పోయింది అంటుకున్న తేమా లేక స్ఫటికంలోని నీరా అన్నది తేల్చలేం. ఆరిన స్ఫటికాలు 0.2000 గ్రాములు తీసుకుని, సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 60–70 డిగ్రీలకు వేడిచేసి 0.02 మోలార్ పర్మాంగనేట్‌తో ఆక్జలేట్‌ను అంశమాపనం చేశారు. సిద్ధాంతం ప్రకారం 24.43 మి.లీ. పట్టాలి, 24.4 పట్టింది. ఆరబెట్టని స్ఫటికాలకు అదే బరువుకు 23.9 మాత్రమే పట్టింది. ఆక్జలేట్ పోయాక మిగిలిన ద్రావణంలో జింకు పొడి వేసి ఐరన్‌ను ఫెర్రస్‌గా క్షయకరణం చేసి, వడపోసి, మళ్లీ పర్మాంగనేట్‌తో చూస్తే ఆరిన స్ఫటికాలకు 4.05 మి.లీ. పట్టింది. ఒక ఐరన్‌కు మూడు ఆక్జలేట్‌లన్న నిష్పత్తి ఆ రెండు కొలతల నుంచి స్పష్టంగా వచ్చింది. నిష్పత్తి మూడు కంటే ఎక్కువగా ఉండి ఉంటే, ఆల్కహాల్ పోసినప్పుడు మిగులు ఆక్జాలిక్ ఆమ్లమో పొటాషియం ఆక్జలేటో స్ఫటికాలతో కలిసి దిగిందని అర్థం చేసుకోవలసి వచ్చేది.

సల్ఫేట్ కోసం బేరియం క్లోరైడ్ పరీక్ష కూడా చేయించాను. ఇక్కడ చాలామంది మోసపోతారు. బేరియం ఆక్జలేట్ కూడా తెల్లని అవక్షేపమే కాబట్టి నేరుగా బేరియం క్లోరైడ్ వేస్తే సల్ఫేట్ ఉన్నా లేకపోయినా తెల్లదనం కనిపిస్తుంది. ముందుగా సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి ఉంచితే బేరియం ఆక్జలేట్ అవక్షేపం చెందదు, సల్ఫేట్ ఉంటే మాత్రమే తెల్లగా వస్తుంది. మా స్ఫటికాల్లో రాలేదు. కనుక లోటు అంతా తేమే. 4.82 గ్రాముల్లో 2.1 శాతం తేమ తీసేస్తే పొడి సంశ్లిష్టం 4.72 గ్రాములు, దిగుబడి 4.72ను 6.17తో భాగిస్తే 76.5 శాతం.

పద్ధతి సరిగా ఉన్న రికార్డులోని 77.0కూ ఈ 76.5కూ తేడా అర శాతమే కదా, ఇంత శ్రమ ఎందుకని జట్టులో ఒకరు అడిగారు. తేమ వల్ల పైఅంకె పెరిగింది, మోర్ లవణం స్వచ్ఛత పట్టించుకోకపోవడం వల్ల కిందిఅంకె కూడా పెరిగింది, రెండూ దాదాపు సమానంగా ఉండటం వల్ల ఒకదానినొకటి కప్పేసుకున్నాయి. ఇంకో సీసాతో, ఇంకో వర్షాకాలంలో, ఆ రెండూ సమానంగా లేకపోతే అంకె ఎటో పోతుంది. సరైన విలువ దగ్గరకు రావడం వేరు, సరైన దారిలో రావడం వేరు అని ఈ జట్టుకు చెప్పనక్కర్లేకుండానే వారి కొలతలు వారికి చూపించాయి. రికార్డులో మాత్రం 76 శాతం అని రాయమన్నాను. తక్కెడ, బ్యూరెట్ల కచ్చితత్వం చూస్తే దశాంశం తరవాతి అంకెను గట్టిగా సమర్థించలేం.

ఇక రాని 1.45 గ్రాములు ఎక్కడ ఉన్నాయన్నది. ఈ లవణం 0 డిగ్రీల వద్దే 100 గ్రాముల నీటిలో సుమారు 4.7 గ్రాములు కరుగుతుంది, వేడి పెరిగేకొద్దీ కరిగే మొత్తం బాగా పెరిగి, 100 డిగ్రీల దగ్గర వంద గ్రాములు దాటుతుంది. మా మాతృద్రావణంలో, అంటే స్ఫటికాలను వడపోయగా మిగిలిన ద్రావణంలో, ఆల్కహాల్ కాక నీరే సుమారు 35 మి.లీ. ఉంది, దాన్ని మంచులో పెట్టలేదు. ఆల్కహాల్ ద్రావణీయతను తగ్గిస్తుందన్నది నిజమే అయినా, ఇంత నీటిలో గ్రాముకు పైగా మిగిలిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ ద్రావణం పారబోయలేదు కనుక దానికి మరికొంత ఆల్కహాల్ కలిపి, మంచు నీళ్లలో ఉంచి చీకట్లో పెట్టించాను. సన్నని పొడిలాంటి రెండో క్రాప్ (రెండో విడత స్ఫటికాలు) 0.83 గ్రాములు వచ్చింది. దాన్ని మొదటి క్రాప్‌తో కలపకుండా, విడిగా ఆరబెట్టి విడిగా నమోదు చేయించాను. వేగంగా దిగిన పొడిలో మలినాలు ఎక్కువగా చిక్కుకుంటాయి, కలిపేస్తే మొదటి క్రాప్ స్వచ్ఛత కూడా చెడుతుంది.

చీకటి గురించి ఒక్క మాట. ఈ సంశ్లిష్టంపై వెలుతురు పడితే ఆక్జలేట్ ఎలక్ట్రాన్‌ను ఐరన్‌కు ఇచ్చి తాను కార్బన్ డయాక్సైడ్‌గా విడిపోతుంది, ఐరన్ మళ్లీ ఫెర్రస్ స్థితికి వస్తుంది. ఈ చర్య ఎంత నమ్మకంగా, ఎంత లెక్క ప్రకారం జరుగుతుందంటే హాచర్డ్, పార్కర్ 1956లో దీన్ని కాంతి మోతాదును కొలిచే రసాయన సాధనంగా స్థిరపరిచారు, నేటికీ ప్రకాశ రసాయనశాస్త్ర ప్రయోగశాలల్లో వాడుతున్నారు. కాంతిని కొలవగలిగేంత సున్నితమైన పదార్థాన్ని కిటికీ పక్క బల్లపై ఆరబెడితే దిగుబడి తగ్గకుండా ఎలా ఉంటుంది? ఇదే బ్యాచ్ నుంచి చిటికెడు స్ఫటికాలను కావాలని కిటికీలో ఉంచి చూపించాను. పైపొర మీద ఆకుపచ్చ మెరుపు పోయి పసుపుపచ్చని పొడి పేరుకుంది, నీటిలో వేసి పొటాషియం ఫెర్రిసైనైడ్ చుక్క వేయగానే చిక్కని నీలం వచ్చింది. అల్మరాలో ఉంచిన స్ఫటికాలు ఆ పరీక్షలో నీలం ఇవ్వలేదు. ఈ బ్యాచ్‌లో వెలుతురు వల్ల చెప్పుకోదగ్గ నష్టం జరగలేదని దానివల్ల తేలింది.

రెండు క్రాప్‌లూ కలిపి 5.55 గ్రాములు, పద్దులో ఇంకా 0.62 గ్రాముల లోటు ఉంది. ఫెర్రస్ ఆక్జలేట్‌ను కడిగిన నీళ్లను జట్టు ఒక సీసాలో దాచింది. వాటిలో ఐరన్ ఎంత ఉందో నేరుగా పర్మాంగనేట్‌తో చూడటం కుదరదు, ఆక్జాలిక్ ఆమ్లం కూడా పర్మాంగనేట్‌ను తినేస్తుంది. ముందు వేడిగా పర్మాంగనేట్‌తో ఆక్జలేట్‌ను పూర్తిగా పోగొట్టి, తరవాత జింకుతో క్షయకరణం చేసి, అప్పుడు ఐరన్‌ను అంశమాపనం చేయించాను. మొత్తం 0.55 మిల్లీమోల్‌లు తేలింది. అందులో 0.20 వరకూ మోర్ లవణంలో మొదటి నుంచీ ఫెర్రిక్‌గా ఉన్నదే అయి ఉండవచ్చు, దాన్ని జమలో మేం వేయలేదు. మిగిలిన 0.35 మిల్లీమోల్‌లు నీళ్లు వంపేటప్పుడు కొట్టుకుపోయిన సన్నని ఫెర్రస్ ఆక్జలేట్, అది 0.17 గ్రాముల సంశ్లిష్టానికి సమానం. మిగతా 0.45 గ్రాములు రెండో మాతృద్రావణంలోనూ, వడపోత కాగితం మీదా, బీకరు గోడల మీదా పంచుకుని ఉండాలి.

తరవాతి జట్టుకు పద్ధతిలో రెండు మార్పులు చేశాను. 3 శాతం పెరాక్సైడ్ 20 మి.లీ.కు బదులు 6 శాతం 10 మి.లీ. ఇచ్చాను, దానివల్ల పెరాక్సైడ్ మోల్‌లు మారకుండా నీరు 10 మి.లీ. తగ్గుతుంది. గాఢత పెరిగింది కాబట్టి ఉష్ణోగ్రత త్వరగా పెరుగుతుంది, చుక్కల మధ్య వ్యవధి పెంచి, థర్మామీటరును ద్రావణంలోనే ఉంచి 40 డిగ్రీలు దాటకుండా పోయమన్నాను. అల్మరాలోంచి తీసిన బీకరును వడపోతకు ముందు మంచులో ఉంచమన్నాను. అదే మోర్ లవణం సీసా, అదే 5.00 గ్రాములు, పొటాషియం ఆక్జలేట్ మోనోహైడ్రేట్ 4.0 గ్రాములు. ఆరిన మొదటి క్రాప్ 5.1 గ్రాములు వచ్చింది. ఆ జట్టులోని నలుగురి రికార్డుల్లోనూ సైద్ధాంతిక దిగుబడి 6.17 గ్రాములుగా, దిగుబడి 83 శాతంగా నమోదైంది.